కట్టె ధర మండుతోంది.. ఆవం ఆరిపోకుండా చూసుకుందాం

గ్యాస్ బట్టీకి ఇంటికి లక్షలు పంపే ముందు ఒక్కసారి ఈ లెక్క చూడండి

మేము ముగ్గురం సల్మాబాద్‌లో ఒకే క్యాంపులో ఉంటాం. ముగ్గురివీ కుమ్మరి ఇళ్లే, ముగ్గురి ఊళ్లూ జగిత్యాల జిల్లాలోనే. ఇక్కడ ఒకరిది వెల్డింగ్ పని, ఒకరిది ఏసీ డక్టులకు, పైపులకు ఇన్సులేషన్ చుట్టే పని, ఒకరు బేకరీలో ఓవెన్ దగ్గర. సారె తిప్పడం ముగ్గురికీ వచ్చు. పద్నాలుగేళ్లుగా తిప్పింది మాత్రం ఎవరూ లేరు.

ఒక శుక్రవారం పొద్దున మాలో ఒకరి ఫోన్ మోగింది. అవతల నాయిన.

"ఈసారి ఆవం పెడతనో లేదో బిడ్డా. కట్టె ధర జూస్తే కుండలన్నీ అమ్మినా అసలు రాదు."

"గ్యాస్ బట్టీ పెట్టుకుందామా నాయినా? పైసలు నేను పంపుత."

"బట్టీకి పైసలు నువ్వు పంపుతవు. నెలనెలా గ్యాస్‌కు పైసలు ఎవరిస్తరు?"

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ఆ రోజు వంట అయ్యేదాకా అదే మాట. ఇలాంటి ఫోను మాకొక్కరికే వచ్చిందని అనుకోవడం లేదు. ఈ పత్రిక చదివే కుమ్మరి ఇళ్ల అన్నదమ్ములు చాలామందే ఉంటారు. ఇంటి దగ్గర ఆవం ఆరిపోతే అది నాయిన ఒక్కడి పని పోవడం కాదు. రేపు మనం సామాను కట్టుకుని ఇంటికి పోతే మనకంటూ ఉండే పని కూడా పోయినట్టే. అందుకే మేము చేసిన లెక్క, చేసిన తప్పు, చేసిన మరమ్మతు అన్నీ ఇక్కడ రాస్తున్నాం.

ఊరికే వచ్చే వంటచెరకు ఏమైంది?

మా చిన్నప్పుడు ఆవానికి వంటచెరకు కొనడం అనే మాటే లేదు. ఇంటింటికీ పశువులుండేవి, పిడకలకు లోటు లేదు. కోతలైతే వరిగడ్డి వచ్చేది. రైస్‌మిల్లు వెనక ఊక గుట్టలుగా పడి ఉండేది, తీసుకుపోతే మిల్లు సేటు సంతోషించేవాడు. చెరువు కట్ట మీద సర్కారు తుమ్మ కొట్టుకుంటే అడిగేవాళ్లు లేరు. కుండకు ఖర్చు మన రెక్కల కష్టమే.

ఇప్పుడు ఒక్కొక్కటే పోయింది. ట్రాక్టరు వచ్చి ఎడ్లు పోయాయి, వాటితో పిడకలూ పోయాయి. కోత మిషన్ వచ్చాక గడ్డి చాలావరకు మడిలోనే పడిపోతోంది. ఊకను మిల్లులే తమ బాయిలర్లలో కాలుస్తున్నాయి. మిగిలింది ఇటుక బట్టీలు, ఊకతో కరెంటు తీసే ప్లాంట్లు కొంటున్నాయి. చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం ఉంది. ఏ చెట్టుకు అనుమతి కావాలో మండలాఫీసులో అడిగి తెలుసుకోకుండా గొడ్డలి ఎత్తితే కేసు. ఒకప్పుడు ఊరికే వచ్చిన ప్రతి వంటచెరకుకూ ఇప్పుడు ఒక కొనేవాడు ఉన్నాడు. ఆ కొనేవాడితో పోటీపడి మన నాయిన కొనాలి.

ఇది మన ఊళ్ల కష్టం మాత్రమే కాదు. గుజరాత్‌లో టైల్స్‌కు పేరున్న మోర్బీలో 2022 ఆగస్టులో గ్యాస్ ధర భరించలేక ఫ్యాక్టరీలు నెల రోజుల పాటు బంద్ పెట్టాయి. ఇంగ్లండ్‌లో పింగాణీకి పుట్టినిల్లులాంటి స్టోక్-ఆన్-ట్రెంట్‌లో 2025లో పేరున్న కంపెనీలకే తాళాలు పడ్డాయి. అక్కడా మొదట వినిపించిన మాట గ్యాస్ బిల్లే. పెద్ద పెద్దవాళ్లకే చేతకానిది మనకెలా అవుతుందని అనిపిస్తుంది. కానీ మనకొక వెసులుబాటు ఉంది. వాళ్ల బట్టీల్లో ఒకసారి కట్టాక మార్చడం కష్టం. మన ఆవం మట్టిది. సెలవులో పోయి రెండు వారాల్లో మార్చుకోవచ్చు.

మంట ఎక్కడికి పోతోంది?

బేకరీలో పనిచేసే మావాడు మొదట అడిగిన ప్రశ్న ఇది: "అసలు కుండ కాలడానికి ఎంత వేడి కావాలి?" మేమెవ్వరం ఎప్పుడూ ఆలోచించలేదు. కూర్చుని లెక్క కట్టాం.

బాగా ఎండిన 100 కిలోల కుండల్ని 850 డిగ్రీల దాకా వేడి చేసి, వాటిలో మిగిలిన కాస్త తడిని ఆవిరి చేయడానికి సుమారు 25,000 కిలో కేలరీల వేడి చాలు. ఎండిన కట్టె కిలోకు సుమారు 3,500 కిలో కేలరీలు ఇస్తుంది. అంటే లెక్క ప్రకారం 7 కిలోల కట్టె!

మా నాయిన ఒక ఆవంలో పెట్టేది దాదాపు 200 కుండలు, బరువు 6 క్వింటాళ్లు. లెక్క ప్రకారం 42 కిలోల కట్టె చాలాలి. ఆయన కాల్చేది 8 క్వింటాళ్లు.

ఫోన్‌లో ఈ మాట చెబితే నాయినకు కోపం వచ్చింది. "నలభై కిలోల కట్టెతోని అన్నం కుండ దింపొచ్చు, ఆవం దించరాదు" అన్నాడు. ఆయన మాట నిజమే. ఏ బట్టీలోనూ వేడి అంతా కుండకే పోదు. కొంత గోడ తాగుతుంది, కొంత పొగతో పైకి పోతుంది, కొంత పచ్చి కట్టెలోని నీళ్లను మరిగించడానికే సరిపోతుంది. 42 కిలోలకు ఎవరూ దించలేరు. కానీ 42కీ 800కీ మధ్య ఉన్న ఆ దూరంలోనే మన పైసలు ఉన్నాయి. వంటచెరకు ధర మన చేతిలో లేదు. ఎంత కాల్చాలన్నది మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది.

సెలవులో చేసిన పని

పోయిన సెలవుకు మాలో ఇద్దరం ఒకేసారి ఇంటికి పోయేలా చూసుకున్నాం. బేకరీ ఆయన ఇక్కడే ఉండి ఫోన్‌లో సలహాలు. చేసిన పనులు వరసగా ఇవి.

మొదటిది కట్టె. అప్పుడే కొట్టిన కట్టెలో సగం దాకా నీళ్లే ఉంటాయి. కిలో నీటిని ఆవిరి చేయాలంటే 600 కిలో కేలరీల పైనే ఖర్చు. పచ్చి కట్టె కొంటే నీళ్లకు ధర కట్టి, ఆ నీళ్లను మరిగించడానికి మళ్లీ కట్టె కాల్చినట్టు. అందుకే కట్టెను ఆవం పెట్టే ముందు కాదు, ఆరు నెలల ముందే కొనాలి. సన్నగా చీల్చి, నేలకు తగలకుండా రాళ్ల మీద పేర్చి, పైన రేకు కప్పాలి. పక్కలు తెరిచే ఉండాలి, గాలి ఆడాలి. నాయినకు ముందుగా కొనడానికి చేతిలో పైసలు ఉండవు. మనం ఇక్కడి నుంచి పంపే పైసలు పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. గ్యాస్ బట్టీకి కాదు, ముందస్తు కట్టెకు.

రెండోది కుండ. చేత్తో తాకితే ఎండినట్టుండే కుండలో కూడా తడి ఉంటుంది. చెంపకు ఆనిస్తే చల్లగా తగిలితే ఇంకా ఎండలేదని మా అమ్మ చెప్పేది. ఎండ ఊరికే వస్తుంది. ఆవంలో ఆరబెట్టడం అంటే కట్టెతో ఆరబెట్టడం. పైగా లోపలి తడి ఒక్కసారిగా ఆవిరైతే కుండ పగులుతుంది. పగిలిన కుండకు కాల్చిన కట్టె మొత్తం దండగే.

మూడోది గోడ. ఇది ఇన్సులేషన్ పని చేసే మావాడి వంతు. ఇక్కడ వాడు రోజూ చేసేది లోపలి చల్లదనం బయటికి పోకుండా చూడడం. అక్కడ వేడి బయటికి పోకుండా చూడాలి. తేడా అంతే. పాత ఆవం గోడ చుట్టూ జానెడు దూరంలో ఇంకో మట్టి గోడ లేపాం. రెండో గోడ మట్టిలో ఊక బాగా కలిపాం. ఊక కాలిపోయాక గోడలో సన్నని బొరియలు మిగులుతాయి, అవి వేడిని ఆపుతాయి. రెండు గోడల మధ్య సందులో రైస్‌మిల్లు నుంచి తెచ్చిన ఊక బూడిద నింపాం. ఊకకు ధర పెరిగింది కానీ బూడిదను ఇంకా ఊరికే ఇస్తున్నారు.

ఇక్కడొక హెచ్చరిక. కంపెనీలో మిగిలిన గ్లాస్‌వూల్‌ను సంచిలో పెట్టుకుపోదామని అనుకునేవాళ్లు ఉంటారు. అది ఆవం వేడికి ఆగదు, కరిగి కుంగిపోతుంది. పాత ఆస్‌బెస్టాస్ రేకులు ముట్టనే వద్దు, వాటి దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. సిరామిక్ ఫైబర్ దుప్పటి వేడికి ఆగుతుంది కానీ ధర ఎక్కువ. దాన్ని కోసేటప్పుడు, పరిచేటప్పుడు మంచి మాస్కు, గ్లౌజులు తప్పనిసరి. మట్టి ఆవానికి ఊక బూడిద చాలు.

నాలుగోది గాలి. వెల్డర్ పాత ఇనుప చువ్వలతో ఒక జాలి, పొయ్యి నోటికి ఒక రేకు తలుపు చేశాడు. కట్టె నేల మీద కాకుండా జాలి మీద కాలితే కింది నుంచి గాలి అందుతుంది. నల్లటి పొగ వస్తోందంటే కట్టె సగం కాలి పైకి పోతోందని అర్థం. మంట నోరు బార్లా తెరిచి పెడితే అక్కరలేని చల్లగాలి లోపలికి పోయి వేడిని ఊడ్చుకుపోతుంది. తలుపుతో రెంటినీ సరిచూసుకోవచ్చు.

అయిదోది పేర్పు. ఓవెన్‌లో నాలుగు రొట్టెలు పెట్టి ఎవరూ కాల్చరు. ట్రేలన్నీ నిండాకే తలుపు మూస్తారు. ఆవం సగం నిండినా, పూర్తిగా నిండినా గోడ తాగే వేడి ఒకటే. పెద్ద కుండల్లో చిన్న గురిగులు, ఆ సందుల్లో ప్రమిదలు పెట్టాలి. మా వాడకట్టులో మూడు ఇళ్లు వేరువేరుగా ఆవాలు పెట్టేవి. ఇప్పుడు రెండిళ్లు కలిసి ఒక్కటే పెడుతున్నాయి. మూడో ఇంటి చిన్నాయిన ఇంకా ఒప్పుకోలేదు. పాత పట్టింపులు ఉన్నాయి, వాటి సంగతి మళ్లీ ఎప్పుడైనా.

మొదటిసారి దెబ్బ తిన్నాం

అన్నీ సరిగ్గా చేశామనుకుని మొదటి ఆవం మేమే దగ్గరుండి కాల్చాం. 200 కుండల్లో 40 పగిలాయి. కింది వరసలు మొత్తం.

నాయిన పెంకులు ఏరుతూ ఒక్క మాట అన్నాడు. "కొత్త గోడ వేడిని బయటికి పోనిస్తలేదు గదరా. పాత లెక్కన కట్టె వేస్తే ఎట్ల?"

జరిగింది అదే. గోడ మంచిదయ్యేసరికి లోపల వేడి మునుపటి కన్నా తొందరగా ఎక్కింది. మొదటి గంటల్లో సన్నటి సెగ మాత్రమే ఉండాలి. నీళ్ల ఆవిరి పోవడం ఆగిందాకా మంట పెంచకూడదు. పొగ కంతపై చల్లటి రేకుముక్క పెట్టి తీస్తే తడి పట్టిందా లేదా తెలిసిపోతుంది. ఆ తర్వాత 500 నుంచి 600 డిగ్రీల మధ్య మట్టిలో కలిసిపోయి ఉన్న నీరు కూడా బయటికి వస్తుంది. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని ఇసుక రేణువులు ఉన్నట్టుండి ఉబ్బుతాయి, చల్లారేటప్పుడు అదే వేడి దగ్గర ముడుచుకుంటాయి. అందుకని ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అక్కడ తొందర పనికిరాదు. ఆవం తొందరగా తెరిస్తే కుండ టప్పున పగిలేది అందుకే.

నాయినకు డిగ్రీలు తెలియవు. కుండ ఎరుపు చూసి చెబుతాడు. ముదురు ఎరుపు దాటి నారింజ రంగుకు వస్తుండగానే ఆపేస్తాడు. అదీ వంటచెరకు పొదుపే. నీళ్ల కుండకు సన్నటి రంధ్రాలు ఉండాలి, చెమట పట్టాలి, అప్పుడే నీళ్లు చల్లబడతాయి. మరీ ఎక్కువ కాలిస్తే కట్టె దండగ, నీళ్లూ చల్లబడవు.

రెండో ఆవం ఆయనే కాల్చాడు. మేము కట్టె అందించాం, తూకం రాశాం. పోయిన కుండలు 9. కాలిన కట్టె 8 క్వింటాళ్లకు బదులు అయిదున్నర. కుండకు 4 కిలోల కట్టె పట్టేది 2 కిలోల 750 గ్రాములకు దిగింది. కట్టె కిలో 5 రూపాయలనుకుంటే కుండకు 20 రూపాయల వంటచెరకు ఖర్చు 14 రూపాయల లోపుకు వచ్చింది. ఇది మా ఒక్క ఆవం లెక్క. మీ మట్టి వేరు, మీ కట్టె వేరు. మీ లెక్క మీరు రాసుకోవాలి.

మరి గ్యాస్ మాటేమిటి?

గ్యాస్ చెడ్డదని మేము అనడం లేదు. పొగ ఉండదు, వేడి చెప్పినట్టు వింటుంది, పగిలేవి తగ్గుతాయి. అయితే లెక్క చూడండి. 19 కిలోల కమర్షియల్ సిలిండర్‌లో ఉన్న వేడి సుమారు 60 కిలోల ఎండు కట్టెతో సమానం. కరెంటులో చెబితే సుమారు 240 యూనిట్లు. గ్యాస్ బట్టీ మన ఆవం కన్నా మూడు రెట్లు బాగా వేడిని నిలుపుతుందనుకున్నా, ఒక సిలిండర్ 180 కిలోల కట్టె పని చేస్తుంది. కిలో 5 రూపాయల చొప్పున ఆ కట్టె 900 రూపాయలు. 2022 మే నెలలో ఢిల్లీలో కమర్షియల్ సిలిండర్ 2,300 రూపాయలు దాటింది. దాని ధర నెలనెలా మారుతుంది. మీ ఊళ్లో ఈ నెల సిలిండర్ ధర ఎంతో, కట్టె ధర ఎంతో కనుక్కుని ఇదే లెక్క వేసుకోండి. ఇంటి సిలిండర్ వాడుకుంటామంటే కుదరదు, అది చట్టవిరుద్ధం.

గ్యాస్ గానీ కరెంటు బట్టీ గానీ గిట్టుబాటయ్యేది ఎవరికంటే.. పట్నంలో గిరాకీ ఉండి, రంగు పూత వేసిన కప్పులు, నగలు, బొమ్మలు చేసేవాళ్లకు. తక్కువ బరువు, ఎక్కువ ధర ఉన్న సరుకు అది. రంజన్లు, బోనం కుండలు, పెళ్లి ఐరేని కుండలు చేసే పల్లె ఆవానికి అది భారమే.

ఇంకో మాట. కరెంటు సారె వేరు, కరెంటు బట్టీ వేరు. ఖాదీ కమిషన్ 2018 నుంచి కుమ్మరులకు కరెంటు సారెలు ఇస్తోంది. దానికయ్యే కరెంటు కొంచెమే. నాయిన నడుము నొప్పి తగ్గుతుంది, తీసుకోవచ్చు. కానీ దానితో కాల్చే ఖర్చు తగ్గదు.

అప్పు తప్పదంటే మూడు రూపాయల వడ్డీకి మాత్రం తేవద్దు. లక్షకు ఏడాదికి 36,000 వడ్డీ అవుతుంది. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కుమ్మరి పని ఉంది. తొలి విడత లక్ష దాకా, రెండో విడత రెండు లక్షల దాకా 5 శాతం వడ్డీకి అప్పు ఇవ్వాలన్నది పథకం. అంటే లక్షకు ఏడాదికి దాదాపు 5,000. ఇంట్లో ఒక్కరికే వర్తిస్తుంది కాబట్టి పని నిజంగా చేసేవాళ్ల పేరునే నమోదు చేయించండి.

టైర్లు, పాత ఆయిలు, ప్లాస్టిక్, రంగు వేసిన చెక్కలు చవకగా వస్తాయని కాల్చేవాళ్లు ఉన్నారు. ఆ పొగ మొదట పీల్చేది పొయ్యి దగ్గర కూర్చున్న మన అమ్మానాన్నలే. ఆ కుండలోనే రేపు ఎవరో నీళ్లు తాగుతారు, కూర వండుకుంటారు. వద్దు.

కుండ ధర అడగడానికి సిగ్గెందుకు?

ఎంత పొదుపు చేసినా వంటచెరకు మళ్లీ ఊరికే రాదు. మిగిలిన ఖర్చును ధరలో కలపాల్సిందే. మా నాయిన ఏళ్ల తరబడి ఒకే ధరకు అమ్మాడు. ఎందుకంటే ఒక్క కుండకు ఎంత ఖర్చవుతుందో ఆయనకు తెలియదు. తెలియనిది అడగడం కష్టం. ఇప్పుడు గోడ మీద బొగ్గుతో రాసి ఉంది: మట్టి ట్రాక్టరు ఇంత, కట్టె ఇంత, పగిలినవి ఇన్ని, కుండకు ఇంత. ఈ ఎండాకాలం ఆయన కుండకు 10 రూపాయలు పెంచాడు. బేరమాడినవాళ్లకు ఆ గోడ చూపించాడట. కొందరు కొన్నారు, కొందరు పోయారు. అయినా సరుకు మిగల్లేదు.

సల్మాబాద్ పక్కనే ఆలీ ఊరు. దిల్మున్ కాలపు సమాధుల దిబ్బలతో అక్కడి నేల నిండి ఉంటుంది. 2019లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ దిబ్బల నడుమ ఇప్పటికీ కుండలు చేసే ఇళ్లున్నాయి. చమురు, గ్యాస్ ఉన్న ఈ దేశంలో కూడా ఆ పనిని నిలబెట్టుకోవడం వాళ్లకు సులువేమీ కాదు. సెలవు నుంచి వచ్చాక మేము ముగ్గురం ఒక శుక్రవారం అక్కడికి పోయాం. బయట ఎండలో వరసగా ఆరబెట్టిన కుండలు చూసి, మాలో ఒకరు వంగి ఒక కుండను చెంపకు ఆనించుకున్నాడు. ఆ ఇంటి పెద్దాయన చూసి నవ్వాడు. మా భాష ఆయనకు రాదు, ఆయన భాష మాకు అంతంతమాత్రం. "ఇంకా తడి ఉంది" అన్నట్టు ఆయన చెయ్యి ఊపాడు.

అన్నదమ్ములారా, ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు పైసల మాటతో పాటు మూడు మాటలు అడగండి. ఆవానికి ఎంత కట్టె కాలింది? ఎన్ని కుండలు పెట్టారు? ఎన్ని పగిలాయి? మూడు ఆవాల లెక్క రాసుకున్నాకే ఏ బట్టీకైనా పైసలు పంపండి. మీ లెక్కలు మాకూ రాసి పంపితే వచ్చే వారాల్లో ఇదే పేజీలో అందరికీ పనికొచ్చేలా వేసుకుందాం. దీపావళి ప్రమిదల ఆవానికి కట్టె కొనాల్సింది ఎండలు ఉండగానే అని మాత్రం మరువకండి.